ఏటా వచ్చిపోయేవాళ్లకు ఏ ఖాతా మంచిది?

ప్రశ్న: మేం డల్లాస్‌లో ఉంటాం. నాకు 61 ఏళ్లు, అమెరికా పౌరసత్వం, ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నాయి. ఏటా సంక్రాంతికి తెనాలి వస్తాం. రిటైరయ్యాక అక్కడే ఉండాలని ఆశ. ఇప్పుడే సేవింగ్స్ ఖాతా తెరవవచ్చా? నాన్నగారి ఇంటి అద్దె కూడా వస్తోంది.
– ఒక సోదరి

జవాబు: నిక్షేపంగా తెరవవచ్చమ్మా. కాకపోతే మామూలు సేవింగ్స్ ఖాతా కాదు. విదేశాల్లో ఉండేవారికి వేరే ఖాతాలుంటాయి: డాలర్లు పంపుకోవడానికి ఎన్‌ఆర్‌ఈ, అద్దెలాంటి ఇక్కడి ఆదాయం జమకు ఎన్‌ఆర్‌ఓ. రెండూ తీసుకోండి. ఎన్‌ఆర్‌ఈ వడ్డీకి ఇక్కడ పన్ను లేదు, సొమ్ము ఎప్పుడైనా వెనక్కి తీసుకెళ్లవచ్చు.

బ్యాంకు కౌంటర్లో కూర్చున్నన్నాళ్లూ నేను ఎక్కువగా చూసిన పొరపాటు ఒకటుంది. విదేశాలకు వెళ్లాక కూడా పాత రెసిడెంట్ ఖాతానే, అంటే ఇక్కడ నివసించేవారి మామూలు ఖాతానే, నడిపేస్తుంటారు. మీకు పెళ్లికి ముందరి ఖాతా ఏదైనా మిగిలి ఉంటే, ముందు దాన్ని ఎన్‌ఆర్‌ఓగా మార్పించండి. ఇది మాత్రం వాయిదా వేయకండి.

ఇక్కడ పన్ను లేని ఎన్‌ఆర్‌ఈ వడ్డీ అమెరికాలో ఆదాయమే. అమెరికా బయటి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజు 10,000 డాలర్లు దాటినా ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాలు అమెరికా ప్రభుత్వానికి తెలిపే నివేదిక) దాఖలు చేయాలి. మీ సీపీఏకు (అక్కడ మీ పన్ను లెక్కలు చూసే అకౌంటెంటుకు) చెప్పండి. తెనాలిలో స్థిరపడ్డాక ఈ ఖాతాలను రెసిడెంట్‌గా మార్చాలి. డాలర్లను డాలర్లుగానే ఉంచుకోవాలంటే, తిరిగివచ్చి స్థిరపడినవారి కోసం ఆర్‌ఎఫ్‌సీ అనే విదేశీ కరెన్సీ ఖాతా ఉంది.

ఈసారి వచ్చేటప్పుడు పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు, డల్లాస్ చిరునామా రుజువు, ఒరిజినల్సే తెచ్చుకోండి.