రాతి నేలలో కూరగాయలు: మట్టి ఎక్కడ కావాలి?

ప్రశ్న: బోరు పక్కన ఐదు సెంట్ల చెలక ఉంది. జానెడు లోతులోనే మొరం, రాళ్లు తగులుతున్నాయి. ఇంటికి సరిపడా కూరగాయలు పండించాలని ఉంది. 20 ట్రాక్టర్ల ఎర్రమట్టి తోలించమంటున్నారు. తోలించవచ్చా?
– ఒక రైతు, నల్లగొండ జిల్లా

జవాబు: వద్దండి. ఐదు సెంట్లకూ అడుగు మందం పరవాలంటే నిజంగానే అన్ని ట్రాక్టర్లు పడతాయి. అందులో సగం మీరు నడిచే దారుల కిందకే పోతుంది. పైగా గుట్టల పక్కన లోతుగా తవ్వి తెచ్చే ఎర్రమట్టిలో సేంద్రియ పదార్థం దాదాపు ఉండదు. ఒక్క వాన పడి ఎండ కాస్తే పైన పెచ్చు కట్టి, మొలక పైకి రాదు. వేర్లు ఉండే చోటికి మాత్రమే మంచి మట్టి ఇవ్వండి.

ముందుగా నాలుగైదు చోట్ల అడుగు గుంత తీసి నీళ్లు నింపండి. మర్నాటికీ నీరు ఇంకకపోతే అడుగున పలకరాయి ఉన్నట్టే. అక్కడ ఎత్తు మడులు మాత్రమే వేయాలి. నీరు ఇంకిన చోట బీర, సొర, కాకరకు పాదులు చాలు. రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు గుంత తీసి, మంచి మట్టి నింపి, తీగను పందిరికి పాకించండి.

మూడడుగుల వెడల్పు, పదడుగుల పొడవు, అడుగు ఎత్తు మడికి 30 ఘనపుటడుగుల మట్టి పడుతుంది. రెండు పాళ్లు చెరువు పూడిక మట్టి, ఒక పాలు జల్లించిన మీ చెలక మట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు కలపండి. పూడిక మట్టి తేమను పట్టి ఉంచుతుంది, మీ చెలక మట్టి దాన్ని బిగుసుకోనివ్వదు. చెరువులు ఎండిన వేసవిలోనే మట్టి తెచ్చి, గడ్డలు చితికేలా ఎండబెట్టండి. చౌడు ఉందేమో ముందే పరీక్ష చేయించండి, తర్వాత మడిలోంచి చౌడు తీయడం చాలా కష్టం.

ఎరువు విషయంలో తొందరపడవద్దు. పచ్చి పేడ వేస్తే చెదలు, వేరుపురుగు వెంటే వస్తాయి. చేతిలోకి తీసుకుంటే పేడ వాసన రాకుండా, నల్లగా పొడిపొడిగా రాలాలి. అప్పుడే అది చివికినట్టు. వరిగడ్డిని మట్టిలో కలపకండి. అది కుళ్లేటప్పుడు నత్రజనిని లాగేసుకుని మొక్కలు పసుపుబారతాయి. పైన మల్చింగ్‌గా, అంటే మట్టిని కప్పే పొరగా, పరిస్తే మంచిదే.

పచ్చిరొట్ట ఎరువు కోసం తొలకరికి మడుల్లో జనుము చల్లి, పూత దశలో, అంటే సుమారు 45 రోజులకు, కోసి మట్టిలో కలిపేయండి. రెండు వారాలాగి నారు నాటుకోవచ్చు. కానుగ ఆకు దొరికితే అదీ వేయండి.

రాళ్లన్నీ ఏరనక్కరలేదు. పిడికిలికి మించినవి తీసి మడుల చుట్టూ గట్టుగా పేర్చండి. చిన్న గులకలు వంగ, మిరప, బెండ, గోంగూరకు అడ్డం కావు. ముల్లంగి, క్యారెట్ మాత్రం రాయి తగిలితే చీలిపోతాయి, వాటికి పూర్తిగా జల్లించిన మడి ఒకటి విడిగా ఉంచండి.