జ్వరంతో పోయాడని రాయించకు తమ్ముడూ

తమ్ముడూ,

మన 108 బండిలో ప్రాథమిక వైద్యం చేసే ఈఎంటీ పోయి ఏడాది అవుతోందని, అతని సంవత్సరీకానికి సంస్మరణ సభ పెడదామని, ఆమదాలవలసలో ఫ్లెక్సీ కట్టిద్దామని మెసేజ్ పెట్టావు. తప్పకుండా పెట్టండి. కానీ ఇన్నేళ్లు క్యాజువాల్టీలో నర్సుగా ఉండి, 108 బండి ఆగిన ప్రతిసారీ వెనక తలుపు తీసుకుని దిగే మీ మొహాలు చూసినదాన్ని కాబట్టి చెప్తున్నా, ఫ్లెక్సీ కన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఊళ్లో అందరూ "పాపం, జ్వరంతో పోయాడు" అంటున్నారే, ఆ మాట మార్చాలి. నాగావళి పొంగినప్పుడు నడుంలోతు నీళ్లలో స్ట్రెచర్ మోశాడు, వారం తిరిగేసరికి జ్వరం, కళ్లు ఎర్రబడటం, పిక్కల్లో నొప్పులు, ఆ తర్వాత కామెర్లు, కిడ్నీలు. ఎలుకల మూత్రం కలిసిన వరదనీళ్లలో దిగితే కాలి మీద చిన్న గీత ఉన్నా చాలు, ఎలుక జ్వరం ఒంట్లోకి దూరిపోతుంది. ఆసుపత్రి మంచం మీద పోయినా అతను డ్యూటీలో పోయినట్టే. అతని గుర్తుగా ఒక రాయి పెట్టించి, దాని మీద ఆ మాటే చెక్కించు.

న్యూయార్క్‌లో 2001 సెప్టెంబర్ 11న కూలిన భవనాల దుమ్ము పీల్చి, ఏళ్ల తర్వాత జబ్బులతో పోయిన సహాయక సిబ్బంది కోసం కూడా 2019లో అదే చోట స్మారకం కట్టారు. మనవాడికి ఒక రాయి పెట్టలేమా?

ఇంకో సంగతి, ఇది సభ కన్నా అర్జంటు. కేస్ షీటు, లెప్టో (ఎలుక జ్వరం) టెస్ట్ రిపోర్టు, వరద డ్యూటీ చేసిన ఆ వారం ట్రిప్ షీట్ల కాపీలు తీసి అతని భార్యకు, ఆ అమ్మాయికి ఇవ్వండి. డ్యూటీలో పోయినవాళ్ల కుటుంబానికిచ్చే నష్టపరిహారం కింద అయితే చనిపోయిన రెండేళ్లలోపు క్లెయిమ్ వేయాలి, అంటే సగం గడువు అయిపోయింది. ఈఎస్ఐ (కార్మికుల బీమా) ఉంటే దారి వేరు, ఆశ్రితుల పింఛను అక్కడే అడగాలి. కార్మిక శాఖ ఆఫీసుకు నువ్వే తోడు వెళ్లు, ఒంటరిగా పంపకు.

సభలో నాయకుల ప్రసంగాలు తగ్గించి, అతను మోసుకొచ్చినవాళ్లలో ఇద్దరిని మాట్లాడనివ్వండి. శాలువాల డబ్బుతో మీ బండ్లకు గమ్ బూట్లు కొనండి. వరద డ్యూటీకి ముందు ఎలుక జ్వరం రాకుండా డాక్సీసైక్లిన్ మాత్ర వేసుకోవాలా అని డాక్టర్‌ని అడిగే అలవాటు కూడా అక్కడి నుంచే మొదలవ్వాలి, మీలో ఇంకొకరిని ఇలా పోగొట్టుకోవడం నావల్ల కాదు.

ఏ ఫోటో పెట్టాలో, స్టేజీ ఎక్కాలో వద్దో ఆ అమ్మాయి ఇష్టం. అడగడానికి వెళ్లేటప్పుడు మీ ఆవిడను కూడా తీసుకెళ్లు.

మీ అక్క