డిగ్రీ మానేసి జిమ్ ట్రైనర్ అవుతానంటున్నాడు, ఏం చేయాలి?

ప్రశ్న: మాది కర్నూలు, బి.క్యాంపు. నేను ఇంట్లో మిషన్ కుడతాను, మా ఆయన లారీ డ్రైవరు. మా పిల్లోడికి పంతొమ్మిదేళ్లు. ఇంటర్ ఎంపీసీ చదివి, ఇప్పుడు డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నాడు. పొద్దున, సాయంత్రం జిమ్ములోనే ఉంటాడు. చదువు మానేసి ట్రైనర్ అవుతాడంట. నలభై వేలు కడితే మూడు నెలల్లో సర్టిఫికెట్ ఇప్పించి, తన దగ్గరే పని ఇస్తానని జిమ్ ఓనరు చెప్పినాడంట. ఇంట్లో ప్రోటీన్ పొడి డబ్బాలు పెరుగుతున్నాయి. 'అదీ ఒక ఉద్యోగమేనా' అని వాళ్ల నాయన పిల్లోడితో మాటలు మానేసినాడు. నేను ఎవరి పక్క మాట్లాడాలి సార్?

జవాబు:

అమ్మా, మీ చివరి మాటకే ముందు జవాబు చెబుతాను. అబ్బాయి ఎంచుకున్న పనికి ఒప్పుకోండి. చదువు మానేస్తానంటే మాత్రం ససేమిరా ఒప్పుకోకండి. ఇవి రెండూ వేర్వేరు విషయాలు. మీ ఇంట్లో రెంటినీ కలిపేసి గొడవ పడుతున్నారు.

ఇది నిజమైన ఉద్యోగమే. 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉంది. డాక్టర్లు మందులు రాసి 'రోజూ నడవండి, బరువు తగ్గండి' అంటారు. మోకాళ్లు నొప్పి పెడుతున్న మనిషి ఏ వ్యాయామం చేయాలో, ఎంతసేపు చేయాలో దగ్గరుండి నేర్పేవాళ్లు మన ఊళ్లలో తక్కువ. పొద్దున్నే స్టేడియంలో నడవడానికి వచ్చేవాళ్లను ఒకసారి చూడండి. చెమటలు కక్కుతూ ఏళ్ల తరబడి నడుస్తూనే ఉంటారు, తూకం మాత్రం కదలదు. మీ అబ్బాయికి రేపు జీతం వచ్చేది ఇలాంటివాళ్ల దగ్గర్నుంచే. కండల కోసం వచ్చే కుర్రాళ్లు మూడు నెలల ఫీజు కట్టి, రెండో నెలలోనే కనబడకుండా పోతారు. బీపీ, షుగర్, నడుం నొప్పి ఉన్నవాళ్లు, కాన్పు తర్వాత బరువు పెరిగిన ఆడవాళ్లు ఒకసారి నమ్మితే వదిలిపెట్టరు.

మీ ఆయన భయంలోనూ న్యాయం ఉంది. కొత్తగా చేరిన ట్రైనర్‌కు జీతం తక్కువే వస్తుంది. విడిగా ఒక్కొక్కరికి నేర్పే పర్సనల్ ట్రైనింగ్‌లో వాటా వస్తేనే చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయి. ఆ వాటా ఎంతో కాగితం మీద రాసివ్వని జిమ్ములు చాలా ఉన్నాయి. ఇరవై మంది కూడా పనిచేయని చోట పీఎఫ్ తప్పనిసరి కాదు. తెల్లవారి ఐదింటికి వెళ్తే పదింటికి ఇల్లు చేరాలి, మళ్లీ సాయంత్రం ఐదు నుంచి రాత్రి పది దాకా అక్కడే. పండగ పూట, పెళ్లిళ్ల పూట కూడా అంతే. అబ్బాయికి ఇవన్నీ తెలియాలి. ఊళ్లో వేర్వేరు జిమ్ముల్లో పనిచేస్తున్న ఇద్దరు ముగ్గురు ట్రైనర్లను అతన్నే వెళ్లి అడగమనండి: జీతం ఎంత, ఏ తేదీకి ఇస్తారు, నలభై ఏళ్లు దాటాక ఏం చేద్దామనుకుంటున్నారు అని. మూడో ప్రశ్నకు వాళ్లు చెప్పే జవాబులు శ్రద్ధగా వినమనండి.

నలభై దాటాక కూడా ఈ రంగంలో గౌరవంగా ఉన్నవాళ్లు చదువుకున్నవాళ్లే. అందుకే డిగ్రీ మానొద్దని ఇంత గట్టిగా చెబుతున్నాను. డిగ్రీ చేతిలో ఉంటే ఏయే తలుపులు తెరుచుకుంటాయో చూడండి.

మొదటిది బీపీఈడీ, అంటే వ్యాయామ విద్యలో డిగ్రీ. ఏ డిగ్రీ పాసైనా సరే, దాని ప్రవేశ పరీక్ష పీఈసెట్ రాయొచ్చు. కోర్సు రెండేళ్లు. అది చేస్తే హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడి పోస్టుకు అర్హత వస్తుంది. 2025 మెగా డీఎస్సీలో మొత్తం 16,347 పోస్టుల్లో ఫిజికల్ ఎడ్యుకేషన్ పోస్టులు కూడా ఉండేవి. ఆ తర్వాత అదే విద్యలో పీజీ, ఎంపీఈడీ చేస్తే కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్ దాకా వెళ్లొచ్చు. సర్కారు ఉద్యోగం అనే మాట వింటే మీ ఆయన మనసు కాస్త మెత్తబడుతుందేమో, ముందు ఈ సంగతే ఆయన చెవిన వేయండి. అబ్బాయికి మాత్రం ఒక హెచ్చరిక. పీఈసెట్‌లో బెంచ్ ప్రెస్ ఎంత కొడతావని అడగరు. 100 మీటర్ల పరుగు, 800 మీటర్ల పరుగు, షాట్‌పుట్, లాంగ్ జంప్ లేదా హైజంప్ ఉంటాయి, ఆపైన ఒక ఆటలో నైపుణ్యం చూస్తారు. జిమ్ములో వంద కిలోలు ఎత్తే కుర్రాళ్లు 800 మీటర్ల దగ్గర ఆయాసంతో కూలబడతారు. ఇప్పటి నుంచే వారానికి మూడు రోజులైనా గ్రౌండులో పరుగెత్తమనండి. కబడ్డీయో, వాలీబాలో, ఏదో ఒక ఆట పట్టుకోమనండి.

రెండోది కోచింగ్. పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ 1961 నుంచి కోచ్‌లను తయారుచేస్తోంది. అందరూ ఎన్ఐఎస్ అంటారు. ఏడాది డిప్లొమా. బెంగళూరు కేంద్రంలోనూ ఆ కోర్సు ఉంది, మనకు అదే దగ్గర. దీనికీ డిగ్రీ కావాలి, ఏదైనా క్రీడలో పోటీల్లో పాల్గొన్న సర్టిఫికెట్లు కూడా కావాలి. మీ అబ్బాయికి బరువులు ఎత్తడం ఇష్టం కాబట్టి వెయిట్ లిఫ్టింగ్‌లో యూనివర్సిటీ పోటీలకు వెళ్లగలడేమో కాలేజీ ఫిజికల్ డైరెక్టర్‌ను కలిసి అడగమనండి. కాలేజీ మానేస్తే ఆ అవకాశం కూడా పోతుంది.

మూడోది క్రీడాకారుల శరీరాన్ని ఆటకు సిద్ధం చేసే పని, స్ట్రెంగ్త్ అండ్ కండిషనింగ్ అంటారు. మన పక్క కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి 2025లో ప్రపంచకప్ గెలిచిన భారత మహిళల క్రికెట్ జట్టులో ఆడింది. అలాంటి జట్ల వెనుక ఫిజియో వేరు, ఫిట్‌నెస్ కోచ్ వేరు, పూర్తికాలం పనిచేస్తారు. ఈ పనికి పేరున్న సీఎస్‌సీఎస్ అనే అమెరికా సర్టిఫికెట్‌కు కూడా డిగ్రీ ఉండాల్సిందే.

ఫిజియోథెరపీ గురించి ఎవరైనా చెప్పి ఉంటారు. దానికి ఇంటర్‌లో బైపీసీ ఉండాలి, కాబట్టి ఆ దారి వదిలేయండి.

ఇప్పుడు అసలు సంగతి. మీ అబ్బాయి ఒళ్లు బాగా పెంచి ఉంటాడు, కాదనను. పంతొమ్మిదేళ్ల ఆరోగ్యమైన ఒళ్లు ఏ కసరత్తు చేసినా పెరుగుతుంది. ట్రైనర్ పని ఎదుటి మనిషి ఒంటితో. షుగర్ మాత్రలు వేసుకుని ఏమీ తినకుండా వచ్చినాయనకు మధ్యలో వణుకు, చెమట మొదలైతే అది అలసట కాకపోవచ్చు. షుగర్ పడిపోయి ఉండొచ్చు, వెంటనే చక్కెర నీళ్లు తాగించాలి. బీపీ ఉన్న మనిషి ఊపిరి బిగబట్టి బరువు ఎత్తితే బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది, ఊపిరి వదులుతూ ఎత్తడం నేర్పాలి. ఛాతీలో బరువుగా ఉందన్న మనిషిని 'ఇంకో సెట్ కొట్టన్నా' అనకుండా కూర్చోబెట్టి 108కి ఫోన్ చేయాలి. పడిపోయి ఊపిరి ఆగితే నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం ఐదు సెంటీమీటర్లు దిగేలా ఛాతీ నొక్కాలి. 2021లో కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకే గుండెపోటుతో పోయినప్పుడు, ఆ పొద్దున ఆయన వ్యాయామం చేశారని విని మన దగ్గర కూడా ఎంతోమంది జిమ్ముకు వెళ్లాలంటేనే భయపడ్డారు. చేరే మనిషి గుండె సంగతి, మందుల సంగతి మొదటి రోజే అడిగి రాసిపెట్టుకునే ట్రైనర్ దగ్గరికి వాళ్లు ధైర్యంగా వస్తారు. ఛాతీ నొక్కే ఆ పద్ధతిని సీపీఆర్ అంటారు, అది నేర్పించమని జిల్లా రెడ్‌క్రాస్‌ను అడగండి. నలభై వేల సర్టిఫికెట్ కన్నా ముందు అబ్బాయికి ఇది రావాలి.

మీ ఆయన లారీ డ్రైవరు అన్నారు. గంటల తరబడి స్టీరింగ్ ముందు కూర్చునేవాళ్లకు నడుం పట్టేయడం, పొట్ట పెరగడం మామూలే. ఆయన ఒప్పుకుంటే, ముందు బీపీ, షుగర్ చూపించి, ఒక రెండు నెలలు అబ్బాయి చేత ఆయనకు నేర్పించండి. ఇంట్లో ఉన్న రోజుల్లో ఇరవై నిమిషాలు చాలు. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి చేసే పుషప్, నడుముకు చిన్న చిన్న కదలికలు. కండలు తిరిగిన స్నేహితుడికి నేర్పడం ఎవరైనా చేస్తారు. కిందికి వంగలేని, విసుక్కునే, 'ఈరోజు వద్దులేరా' అనే మనిషికి విసుగు లేకుండా నేర్పగలిగితే మీ అబ్బాయి ఈ పనికి పనికొస్తాడు. అరుపులు, అలకలు మొదలైతే అది కూడా ఇప్పుడే తెలియడం మంచిది. మాటలు మానేసిన తండ్రీకొడుకుల మధ్య ఒక పని పుట్టినా నాకు సంతోషమే.

పొడి డబ్బాల గురించి. డబ్బా మీద వే ప్రోటీన్ అని ఉండి, ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉంటే అది పాల నుంచి తీసిన పొడి. కిడ్నీ జబ్బు లేని కుర్రాడికి దానివల్ల భయం లేదు. అవసరం కూడా అంతగా లేదు. గుడ్డుకు సుమారు ఆరు గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, వంద గ్రాముల వేరుశెనగ విత్తనాల్లో ఇరవై ఐదు గ్రాముల దాకా ఉంటుంది. పప్పు, పెరుగు, శనగలు, గుడ్లు, వారానికి రెండుసార్లు చికెన్ పెట్టే ఇంట్లో డబ్బాకు వేలు పోయడం నాకు నచ్చదు.

నా భయం డబ్బాల మీద కాదమ్మా, ఇంజెక్షన్ల మీద. కొన్ని జిమ్ముల్లో 'నెలలో సైజు వస్తుంది' అని స్టెరాయిడ్లు ఎక్కిస్తారు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందులవి. వాటివల్ల శరీరం తన సొంత మగ హార్మోను తయారీని ఆపేస్తుంది. వృషణాలు చిన్నవవుతాయి, వీర్యకణాలు తగ్గి రేపు పిల్లలు పుట్టడమే కష్టం కావచ్చు. మంచి కొలెస్ట్రాల్ పడిపోతుంది, గుండె కండరం మందమవుతుంది, కొన్ని మాత్రలు కాలేయాన్ని పాడుచేస్తాయి. ఉన్నట్టుండి ఒళ్లు ఉబ్బినట్టు పెరగడం, వీపు నిండా మొటిమలు, అయినదానికీ కానిదానికీ కోపం, బ్యాగులో సిరంజీలు కనబడితే తిట్టకుండా కూర్చోబెట్టి అడగండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. వాడుతూ ఉంటే ఒక్కసారిగా ఆపడం కూడా డాక్టరు చెప్పినట్టే జరగాలి. ఓనరే ఇవి అమ్ముతుంటే ఆ జిమ్ము మాన్పించండి. ఈ ఒక్క విషయంలో బుజ్జగింపులు వద్దు.

డిగ్రీ అయ్యేలోపు సంపాదన కావాలంటే దారి ఉంది. మన జిల్లాలో కానిస్టేబుల్ ఉద్యోగం కోసం పరుగెత్తే పిల్లలకు కొదవ లేదు. మగపిల్లలకు 1600 మీటర్లు 8 నిమిషాల్లో, 100 మీటర్లు 15 సెకన్లలో, లాంగ్ జంప్ 3.80 మీటర్లు అని 2022 నోటిఫికేషన్‌లో పెట్టారు. చాలామంది ఎవరూ చెప్పేవాళ్లు లేక, రోజూ ఒకే వేగంతో పరుగెత్తి పిక్కలు పట్టేసి ఆగిపోతారు. ముందు మీ అబ్బాయి ఆ పరుగు తాను పూర్తిచేసి, తర్వాత ఒక మంచి వ్యాయామ ఉపాధ్యాయుడి (పీఈటీ) దగ్గర సహాయకుడిగా చేరితే కొంత డబ్బూ, బోలెడంత అనుభవమూ వస్తాయి. మన ఎండల సంగతి మీకు తెలిసిందే, ఏప్రిల్, మే నెలల్లో ఏడు దాటాక ఎవర్నీ పరుగెత్తించకూడదు.

ఇది చదువుతున్న ఆడపిల్లలకు ఒక మాట. కర్నూలు, నంద్యాల, ఆదోని వంటి ఊళ్లలో మగ ట్రైనర్ ఉన్నాడనే జిమ్ముకు రాని ఆడవాళ్లు చాలామంది. ఆడ ట్రైనర్ ఉంటే పగలు పదకొండింటికి కూడా బ్యాచ్ నిండుతుంది. యోగా ఇష్టమైతే ఆయుష్ శాఖ కింద యోగా సర్టిఫికేషన్ బోర్డు పరీక్షలు ఉన్నాయి.

ఇక సొంత జిమ్ము మాట ఇప్పుడే వద్దు. ముద్ర లోన్ వస్తుందని ఎవరో చెబుతారు. లోన్ రావచ్చు. అద్దె, కరెంటు బిల్లు, మిషన్ల రిపేరు ప్రతి నెలా వస్తాయి, చేరేవాళ్లు వేసవిలో, పరీక్షలప్పుడు రారు. ముందు నాలుగైదేళ్లు ఒకరి దగ్గర పనిచేసి లెక్క నేర్చుకోవాలి.

నలభై వేల సంగతికి వస్తాను. కట్టేముందు ఓనరును ఈ ప్రశ్నలు అడగండి. సర్టిఫికెట్ ఇచ్చేది ఎవరు? పరీక్ష పెట్టేది జిమ్మేనా, బయటి సంస్థా? కండరాలు, కీళ్ల గురించి పాఠం చెప్పేది ఎవరు, ఆయన ఏం చదువుకున్నారు? ఈ రంగానికి కేంద్ర ప్రభుత్వ నైపుణ్య వ్యవస్థలో స్పెఫెల్ అనే కౌన్సిల్ ఉంది, ఫిట్‌నెస్ ట్రైనర్ అర్హత దాని కింద వస్తుంది. ఓనరు చెప్పే కోర్సు దానికి అనుబంధమా అని అడగండి. దేశం బయట కూడా చెల్లే, ఏసీఈ అనే అమెరికా సంస్థ ఇచ్చేలాంటి సర్టిఫికెట్లకు పద్దెనిమిదేళ్లు నిండి, సీపీఆర్ నేర్చుకుని ఉండాలి. పరీక్ష ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి డిగ్రీ అయ్యేలోపు అబ్బాయి రోజుకో పేజీ చొప్పున శరీర నిర్మాణం ఇంగ్లీషులో చదవడం మొదలుపెట్టాలి. నా సలహా ఏమిటంటే, ఈ ఏడాది ఆ డబ్బు మీ దగ్గరే ఉంచండి. డిగ్రీ ఆఖరి సంవత్సరంలో కడదాం. ఈలోపు చూసి నేర్చుకోవడానికి సాయంత్రం పూట మాత్రం రానివ్వమని ఓనరును అడగండి, మంచి మనిషైతే ఒప్పుకుంటాడు. ఎప్పుడు కట్టినా కోర్సు పేరు, సంస్థ పేరు, మధ్యలో ఆగిపోతే ఎంత వెనక్కి ఇస్తారో రాసిన రసీదు తీసుకోండి. 'ఉద్యోగం ఇస్తాను' అన్న మాట కూడా జీతం అంకెతో ఆ కాగితం మీదే ఉండాలి. అది రాసివ్వడానికి ఓనరు వెనకాడితే ఒక్క రూపాయి కూడా కట్టొద్దు.