టెక్సాస్‌లో పెరటి షూటింగ్ రేంజి, వేట మంచె

సెలవులకు అనంతపురం వస్తే చాలు, కొత్తగా అమెరికా వెళ్లే పిల్లలు ఈ మధ్య తప్పకుండా అడుగుతున్నారు: "అన్నా, టెక్సాస్‌లో ఊరవతల స్థలం కొంటే పెరట్లోనే తుపాకీతో గురి కొట్టుకోవచ్చంట, జింకల వేటకు మంచె వేసుకోవచ్చంట, నిజమేనా?"

నిజమే. కానీ స్థలం సంగతి తర్వాత, ముందు మీ వీసా చూసుకోండి. ఎఫ్-1, హెచ్-1బి, హెచ్-4 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీనే కాదు, ఒక్క తూటా దగ్గర పెట్టుకున్నా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. షూటింగ్ రేంజికి వెళ్లి గంటసేపు తుపాకీ అద్దెకు తీసుకున్నా అంతే. మనవాళ్లకు పనికొచ్చే మినహాయింపు ఒకటుంది: అమెరికాలో ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్. ఇక్కడే ఒక చిక్కు. టెక్సాస్‌లో ప్రైవేటు స్థలంలో యజమాని ఒప్పుకుంటే అడవిపందుల వేటకు 2019 నుంచి లైసెన్స్ అక్కర్లేదు. అందుకే పక్కింటాయన "లైసెన్స్ దేనికి?" అంటాడు. ఆయనకు అక్కర్లేదు, మీకు మాత్రం కావాలి.

"బావకు గ్రీన్ కార్డ్ ఉంది కదా, ఆయన పేరు మీద కొందాం" అనే ఆలోచన మాత్రం వద్దే వద్దు. వేరేవాళ్ల కోసం కొంటూ తనకేనని ఫారం మీద సంతకం పెట్టడం పెద్ద నేరం. తుపాకీ కేసులో శిక్ష పడితే గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లను కూడా దేశం నుంచి పంపించేయొచ్చు. అప్పులు చేసి పంపిన అమ్మానాన్నలను ఒకసారి తలచుకోండి.

ఇక స్థలం. సిటీ పరిధిలో ఇల్లయితే పెరటి రేంజి ఆశ వదులుకోండి. ఊరవతల కూడా, సబ్‌డివిజన్‌లో (అంటే ప్లాట్లుగా విడగొట్టిన లేఅవుట్‌లో) 10 ఎకరాలు, అంతకు తక్కువ ఉన్న ప్లాట్లలో కాల్పులను కౌంటీ (మన జిల్లా లాంటిది) నిషేధించవచ్చు. కొనకముందే కౌంటీ ఆఫీసులో అడగండి, హెచ్ఓఏ (అక్కడి ఇళ్ల యజమానుల సంఘం) కాగితాలు చదవండి.

రేంజి అంటే బల్ల, టార్గెట్ అనుకుంటారు. అసలు రేంజి వాటి వెనకున్న మట్టికట్ట. పిల్లల తుపాకీ అని తేలిగ్గా తీసుకునే పాయింట్ 22 తూటా కూడా మైలుకు పైగా పోతుంది. చెట్లు, చెక్క కంచె దాన్ని ఆపుతాయని నమ్మలేం. కట్ట కనీసం రెండాళ్ల ఎత్తు ఉండాలి, వెడల్పుగా ఉండాలి, టార్గెట్ వైపు ముఖం నిటారుగా ఉండాలి. ఆ మట్టిలో రాయి ఉండకూడదు. రాయికి తగిలిన తూటా ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే ముందువైపు మట్టి జల్లెడ పట్టించి పోయించండి. కాలుస్తూ పోతే ఒకేచోట గుంట పడుతుంది, తూటా ముక్కలు అందులోంచి వెనక్కి చిమ్ముతాయి. ఆ గుంట ఎప్పటికప్పుడు పూడ్చాలి. చెవులకు మఫ్స్, కళ్లకు అద్దాలు లేకుండా ఒక్క రౌండు కూడా వద్దు. సీసం దుమ్ము అంటిన చేతులతో అన్నం తినొద్దు, పిల్లల్ని ఎత్తుకోవద్దు.

ఇక వేట మంచె. అక్కడ దాన్ని బ్లైండ్ అంటారు. మన వేరుశనగ చేలల్లో పందుల కాపలాకు వేసే మంచె లాంటిదే, కాకపోతే నాలుగు వైపులా మూసి చిన్న కిటికీలు పెడతారు. జింక కళ్లకంటే దాని ముక్కుతోనే మనకు ఇబ్బంది. అది వచ్చే దారి నుంచి గాలి మీ వైపు వీచేలా మంచె ఉండాలి. సీజన్‌కు కొన్ని వారాల ముందే వేసేస్తే జింకలు అలవాటు పడతాయి. కింద పాత కార్పెట్ ముక్క పరిస్తే అడుగుల చప్పుడు వినపడదు. తలుపు తీయగానే లోపలికి దూరకండి, మూలల్లో కందిరీగలు గూళ్లు పెట్టి ఉంటాయి. నిచ్చెన ఎక్కేటప్పుడు తుపాకీ భుజాన వేసుకోవద్దు. తూటాలు తీసేసి, పైకి చేరాక తాడుతో లాక్కోవాలి. వేటలో మీ తూటా తెలిసీ పక్కవాళ్ల హద్దు దాటితే, వాళ్ల రాతపూర్వక అనుమతి లేకుంటే అదీ నేరమే.

ఇంట్లో పిల్లలుంటే సేఫ్ తప్పనిసరి. 17 ఏళ్లలోపు పిల్లల చేతికి తూటాలున్న తుపాకీ అందేలా వదిలేస్తే టెక్సాస్‌లో మీ మీదే కేసు.

ఇండియా ప్రయాణానికి రేంజికి వాడే బ్యాగు అసలు తీయకండి. అరలో మర్చిపోయిన ఒక్క తూటా స్కానింగ్‌లో కనపడినా ఆయుధాల చట్టం కింద కేసు, కోర్టు, ఆగిపోయిన తిరుగు ప్రయాణం. ఊరికి రావడానికి వేరే సూట్‌కేసు కొనుక్కోండి, జాకెట్ జేబులు కూడా తడిమి చూసుకోండి.