గడ్డి మీద మంచు కురిసిందా, పట్టిందా?

సందేహం: గురువుగారికి నమస్కారం. ఈ పుష్యమాసంలో ఒకరోజు తెల్లవారుజామున లంబసింగి వెళ్లాం. చేతులు కొంకర్లు పోయే చలి. అయినా చెరువులవేనం కొండ మీది నుంచి చూస్తుంటే కిందికి దిగబుద్ధి కాలేదు. గడ్డి ఫొటో ఒకటి తీసి, ‘రాత్రంతా మంచు కురిసింది’ అని రాసి ఇంట్లోవాళ్లకు పంపాను. మా బావగారు ‘మంచు కురిసేది కాశ్మీర్‌లో. ఇక్కడిది పొగమంచు’ అన్నారు. గడ్డి మీది నీటిబొట్లను పొగమంచు అనలేం కదా! తెలుగులో వీటికి వేర్వేరు మాటలు లేవా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: మీ వాక్యం తప్పు కాదమ్మా. తెలుగులో గడ్డి మీది బొట్టూ మంచే, దారి కనపడకుండా కమ్మేదీ మంచే, హిమాలయాల మీద ఉండేదీ మంచే. మన భాషలో మాటలు తక్కువై ఇలా అయిందని అనుకోకండి. సంస్కృత నిఘంటువు అమరకోశం కూడా అవశ్యాయం, నీహారం, తుషారం, తుహినం, హిమం, ప్రాలేయం, మిహిక అని ఏడు పేర్లూ ఒక్కచోటే, ఒకే అర్థంలో చెప్పింది. కన్నడంవాళ్ల ‘మంజు’ కూడా మన మంచులాగే బొట్టుకీ, పొగమంచుకీ సరిపోతుంది.

తేడా చెప్పే పని మన దగ్గర క్రియ చూసుకుంటుంది. నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఇది. ‘రోడ్డంతా మంచు కమ్మింది’ అంటే ఎదురుగా వచ్చే బండి కనపడటం లేదని. ‘మంచు పడుతోంది, తలకి గుడ్డ కట్టుకో’ అని అమ్మమ్మ అంటే చీకటితో పాటు తడి చల్లదనం దిగుతోందని. ‘పేరుకుంది’, ‘గడ్డకట్టింది’ అంటే తెల్లటి పొర కట్టిందని. ‘మంచు విడింది’ అనగానే ఎండ వచ్చినట్టే. మామిడి రైతు ‘మంచుకి పూత మాడిపోయింది’ అంటాడు, నల్లరేగడిలో శనగ వేసిన రైతు ‘ఈ పంట మంచుకే పండుతుంది’ అంటాడు. వినేవాళ్లు ఏ మంచు అని ఎదురు అడగరు.

ఇక ‘కురవడం’ సంగతి. గడ్డి మీది బొట్టు పైనుంచి పడేది కాదు. మబ్బులేని రాత్రి నేలలోని వేడి పైకి పోయి గడ్డిపరక బాగా చల్లబడుతుంది. దాన్ని తాకిన గాలిలోని తేమ అక్కడే నీరవుతుంది. కానీ పొద్దున లేచి తడిసిన గడ్డిని చూసినవాళ్లకి రాత్రి ఏదో కురిసినట్టే ఉంటుంది. భూమి తిరుగుతోందని తెలిసినా ‘పొద్దు పొడిచింది’ అనడం మనం మానలేదు. ఇదీ అంతే.

కిలోమీటరు దూరం కూడా చూపు ఆనకపోతే వాతావరణ శాఖవాళ్లు పొగమంచు అంటారు. చెరువులవేనం నుంచి మీరు చూసిన లోయ విషయంలో మీ బావగారి మాటే సరైనది.

ఓ డిసెంబరులో నేనూ ఆ దారిలో నడిచాను. మిరియాల తీగ పాకిన సిల్వర్ ఓక్ చెట్టుకీ పక్కనున్న కాఫీ మొక్కకీ మధ్య ఒక సాలెగూడు. ఒక్కో పోగు మీద ఆవగింజలంత బొట్లు, దండ గుచ్చినట్టు. వేలితో ముట్టుకోగానే నాలుగైదు బొట్లు కలిసిపోయి, ఒక్క చుక్కై జారి చెప్పు మీద పడింది. చలికి వేళ్లు వంగకపోయినా, జేబులోంచి పుస్తకం తీసి ‘సాలెగూటికి మంచు పట్టింది’ అని రాసుకున్నాను. ఆ ‘కి’ చూడండి. ‘గూటిని మంచు కమ్మింది’ అంటే గూడే కనపడదు. ‘గూటికి పట్టింది’ అంటే ఒక్కో పోగూ అంతకుముందు కంటే బాగా కనపడుతుంది.

మీరు అడగకపోయినా రెండు మాటలు చెప్తాను. లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి బయట ఉంటే మనిషి కొర్రులా, అంటే కర్రలా, బిగుసుకుపోతాడని ఆ ఊరివాళ్లు వివరిస్తారు. ఇక తెలంగాణలో చలికాలం నీళ్లు ముట్టుకుని ‘ఇగం లెక్క ఉన్నయి’ అంటారు. ఇగం అన్నా మంచే. చన్నీళ్లలో చెయ్యి పెట్టగానే జివ్వుమనే ఆ చల్లదనానికి ఇంతకంటే మంచి మాట నాకు దొరకలేదు. ఆంధ్రలో రాసేవాళ్లు కూడా ధైర్యంగా వాడుకోవచ్చు.

గడ్డి ఫొటో కింది వాక్యం మార్చకండి. లోయ ఫొటో కూడా తీసి ఉంటే దాని కింద ‘లోయంతా మంచు కమ్మింది’ అని రాసి, మీ బావగారికే ముందు పంపండి.