టెక్ సందేహాలు: ప్రింట్ పెడితే పనిచేస్తుంది, తీసేస్తే మొండికేస్తుంది

ఫైనలియర్ ప్రాజెక్టుల గడువు దగ్గరపడిందంటే చాలు, రాజాం, చింతలవలస, ఎచ్చెర్ల వైపు నుంచి ఒకటే ఫిర్యాదు. డ్రైవర్ (హార్డ్‌వేర్ పరికరాన్ని నడిపే ప్రోగ్రాం) కంపైల్ అయింది, కెర్నల్‌లోకి (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఎక్కింది, పరికరం మాత్రం మాట వినడం లేదు. కోడ్ తెరిచి చూస్తే పైన ఒక అడ్రస్, దాని కింద ఒక వోలటైల్ పాయింటర్ (ప్రతిసారీ నిజంగానే చదువు, రాయి అని కంపైలర్‌కి చెప్పే సూచిక). ఆ అడ్రస్‌లో ఉండేవి పరికరం రిజిస్టర్లు, అంటే రాస్తే పరికరం పనిచేసే, చదివితే దాని స్థితి చెప్పే చిన్న గడులు. మాడ్యూల్ ఎలా ఎక్కించాలి, మేక్‌ఫైల్ ఎలా రాయాలి అన్నవి ఇక్కడ చెప్పను. అవి వచ్చినవాళ్లే ఈ ఉత్తరాలు రాస్తున్నారు.

రాజాం నుంచి ఒక విద్యార్థి: రాస్ప్‌బెర్రీ పై 3 మీద రిలే ఆడించే డ్రైవర్ రాశాం, బాగానే పనిచేసింది. అదే కోడ్ పై 4లో వేస్తే రిలే కదలడం లేదు. అడ్రస్ మార్చాలా?

అడ్రస్ మార్చడం కాదు, అసలు కోడ్‌లోంచి తీసేయాలి. డేటాషీట్‌లో జీపీఐఓకి (బోర్డు పిన్నులని ఆడించే బ్లాకు) ఇచ్చిన 7ఈ200000 బస్ అడ్రస్, అంటే చిప్ లోపలి దారిలో వాడేది. ప్రాసెసర్‌కి కనిపించేది అది కాదు. అదే బ్లాకు మొదటి పైలో 20200000 దగ్గర, పై 2, 3లలో 3ఎఫ్200000 దగ్గర, పై 4లో ఎఫ్‌ఈ200000 దగ్గర ఉంటుంది (అన్నీ హెక్సాలోనే). మీ పాత అడ్రస్ పై 4లో ర్యామ్ పరిధిలోకి వస్తుంది. అంటే రిలే అనుకుని మీరు మీట నొక్కుతున్నది మెమరీ మీద. రేపు పై 5 కొన్నారనుకోండి, అందులో జీపీఐఓ ప్రాసెసర్‌లోనే లేదు, పీసీఐ ఎక్స్‌ప్రెస్ మీద కూర్చున్న ఆర్‌పీ1 అనే వేరే చిప్‌లోకి పోయింది. రిజిస్టర్ల అమరిక కూడా వేరు.

అడ్రస్ ఉండాల్సిన చోటు డివైస్ ట్రీ (బోర్డులో ఏ పరికరం ఎక్కడుందో కెర్నల్‌కి చెప్పే పట్టిక) నోడ్‌లోని ‘రెగ్’. ప్రోబ్ ఫంక్షన్‌లో (పరికరం దొరకగానే కెర్నల్ పిలిచేది) డెవ్‌ఎం_ప్లాట్‌ఫామ్_ఐఓరీమ్యాప్_రిసోర్స్ పిలిస్తే అది ఆ పరిధిని మీ పేరున రిజర్వు చేసి, మ్యాప్ చేసి పాయింటర్ ఇస్తుంది. జీపీఐఓ బ్లాకుకే ఇలా చేస్తే మీకు మైనస్ 16 ఎర్రర్ వస్తుంది. ఆ బ్లాకును కెర్నల్‌లోని పిన్‌కంట్రోల్ డ్రైవర్ ముందే తీసుకుందని దాని అర్థం. చాలామంది ఇక్కడే రిజర్వేషన్ వద్దనుకుని ఉత్త ఐఓరీమ్యాప్‌కి దిగుతారు, ఎర్రర్ పోయిందని సంబరపడతారు. పోయింది ఎర్రర్ కాదు, హెచ్చరిక. ఒకే రిజిస్టర్ మీద ఇద్దరు యజమానులు తయారయ్యారు. రిలే కోసమే అయితే జీపీఐఓడి_గెట్, జీపీఐఓడి_సెట్_వాల్యూ వాడండి. పై 3, 4, 5 మూడింటి మీదా అదే కోడ్ నడుస్తుంది.

ఇక వోలటైల్. అది కంపైలర్‌ని మాత్రమే కట్టేస్తుంది. ప్రాసెసర్ రాతల వరస మార్చకుండా, బస్సు వాటిని దారిలో ఆపుకోకుండా అది చూడలేదు. అందుకే కెర్నల్‌లో రిజిస్టర్ చదవడానికి రీడ్‌ఎల్, రాయడానికి రైట్‌ఎల్ ఉన్నాయి. సరైన వెడల్పు, లిటిల్ ఎండియన్ (చిన్న బైటు ముందుండే వరస) మార్పిడి, డీఎంఏ (ప్రాసెసర్ చేయి పడకుండా పరికరమే మెమరీని చదివి రాసే పద్ధతి) బఫర్‌తో వరస తప్పకుండా కావాల్సిన బ్యారియర్ అన్నీ వాటిలోనే ఉంటాయి. వేగం కోసమని చివర ‘రిలాక్స్‌డ్’ ఉన్న రకం వాడితే డీఎంఏ బఫర్‌తో వరసకు ఇచ్చే ఆ హామీ పోతుంది. కొలిచి చూసుకోకుండా దాని జోలికి వెళ్లొద్దు.

మీ కోడ్‌లోనే ఇంకో పొరపాటు ఉంది, మీరు అడగలేదు. ఇంటరప్ట్ (పరికరం ప్రాసెసర్‌ని పిలిచే సంకేతం) స్టేటస్ రిజిస్టర్‌లో ‘ఆర్ ఈక్వల్’ (|=) గుర్తుతో బిట్ తుడుస్తున్నారు. ఇలాంటి రిజిస్టర్లు చాలావరకు 1 రాస్తే చెరిగిపోయే రకం. లోపల విలువ 5 ఉందనుకోండి, అంటే 0వ బిట్, 2వ బిట్ రెండూ లేచి ఉన్నాయి. మీరు 0వ దాన్ని మాత్రమే తుడుద్దామనుకున్నారు. ఆ గుర్తు ముందు 5 చదువుతుంది, దాన్ని 1తో ఆర్ చేస్తుంది (కూడిక కాదు, 0వ బిట్‌ని లేపడం, అది ముందే లేచి ఉంది), మళ్లీ 5 రాస్తుంది. రెండు బిట్లూ పోయాయి. రెండో సంఘటన జరిగినట్టు ఇక ఎవరికీ తెలియదు. చదవకుండా నేరుగా 1 మాత్రమే రైట్‌ఎల్ చేయండి. మామూలు కంట్రోల్ రిజిస్టర్ అయితే చదివి, మార్చి, రాయక తప్పదు. అప్పుడు ఆ మూడు పనులూ ఒకే స్పిన్‌లాక్ (ఒకసారికి ఒకరినే లోపలికి వదిలే తాళం) లోపల జరగాలి. ఇంటరప్ట్ హ్యాండ్లర్ కూడా అదే రిజిస్టర్‌ని తాకుతుంటే ‘ఐఆర్‌క్యూసేవ్’ రకం (ఇంటరప్ట్‌లని ఆపి పట్టే) లాక్ వేయండి, లేకపోతే ఒకే కోర్ మీద తనని తానే లాక్ చేసుకుని కూర్చుంటుంది.

పలాస నుంచి: జీడిపప్పు డ్రయ్యర్ల ఉష్ణోగ్రత చూసే పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డుకి మా అబ్బాయి లినక్స్ డ్రైవర్ రాశాడు. ఒక్కోసారి కార్డు రీసెట్ పడదు. మధ్యలో ప్రింట్‌కే (కెర్నల్ లాగ్‌లో సందేశం రాసే ఆదేశం) పెడితే మాత్రం ఎప్పుడూ తప్పదు. కార్డు విడి బాక్సులో వేరే సప్లై మీద ఉంది. ఆ కరెంటు పోతే కంప్యూటర్ కూడా బిగుసుకుపోతోంది. ఏటి చేయమంటారు?

ప్రింట్ పెడితే తగ్గే జబ్బు టైమింగ్ జబ్బు. కోడ్‌లో రీసెట్ బిట్ రాసి, 10 మైక్రోసెకన్లు ఆగి, బిట్ తీసేస్తున్నారు. పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో మెమరీ రాత డబ్బాలో వేసిన ఉత్తరం లాంటిది. వేసినవాడు తన దారిన పోతాడు, అది చేరిందో లేదో తెలియదు. ప్రాసెసర్ 10 మైక్రోసెకన్లు ఆగుతున్నప్పుడు మొదటి రాత ఇంకా దారిలోని బ్రిడ్జి చిప్‌లోనే ఉండొచ్చు. రెండో రాత దాని వెనకే వచ్చి కలిస్తే కార్డుకి అందిన రీసెట్ పల్స్ 10కి బదులు ఏ రెండు మైక్రోసెకన్లో. మొదటి రైట్‌ఎల్ అయిన వెంటనే అదే కార్డు నుంచి ఒక రీడ్‌ఎల్ చేయండి, తర్వాతే యూడిలే (మైక్రోసెకన్ల లెక్కన ఆగే ఫంక్షన్). చదువు పూర్తి కావాలంటే ముందున్న రాత కార్డుకి చేరి తీరాలి. ఆ చదువు పూర్తయ్యాకే డిలే మొదలవుతుందని కెర్నల్ హామీ ఇస్తుంది. చదవడానికి ఎంచుకునే రిజిస్టర్ జాగ్రత్త. చదివితే ఖాళీ అయిపోయే ఫిఫో లాంటివి వద్దు, వెర్షన్ నంబరు ఉన్న రిజిస్టర్ మేలు.

పాత పద్ధతి ఇంటరప్ట్ లైను వాడుతుంటే హ్యాండ్లర్ చివర కూడా ఇదే తంతు. తుడిచే రాత చేరకముందే హ్యాండ్లర్ బయటికొస్తే లైను ఇంకా లేచే ఉంటుంది, అదే ఇంటరప్ట్ మళ్లీ వస్తుంది. ఇంటరప్ట్‌లు ఎన్ని వచ్చాయో చూపే ప్రాక్ ఇంటరప్ట్స్ ఫైల్లో లెక్క ఉండాల్సిన దానికి దాదాపు రెట్టింపు కనిపిస్తే అనుమానించాల్సింది దీన్నే.

బిగుసుకుపోవడానికి కారణం వేరు. కార్డు జవాబివ్వనప్పుడు పీసీల్లో చదువు విఫలం కాదు, 32 బిట్లూ ఒకట్లే వస్తాయి. మీ లూపు బిజీ బిట్ 0 అయ్యేదాకా తిరుగుతోంది. అన్నీ ఒకట్లయితే బిజీ ఎప్పటికీ 1. ఆ వైల్ లూపు తీసేసి రీడ్‌ఎల్_పోల్_టైమ్‌ఔట్ పెట్టండి. 10 మైక్రోసెకన్లకోసారి చూడాలి, 1000 దాటితే మానేయాలి అని చెబితే కాలం మించాక మైనస్ 110 ఇస్తుంది. స్పిన్‌లాక్ లోపల అయితే దీని అటామిక్ రకం, ఎందుకంటే మామూలుది నిద్రపోతుంది. అన్నీ ఒకట్లు వచ్చాయా అన్న పరీక్ష విడిగా పెట్టి, వస్తే కార్డు ఊడిపోయినట్టే లెక్కేసి వెనక్కి రండి. హీటర్ రిలే మాత్రం ఈ డ్రైవర్ మీద ఒక్కదాని మీదే ఆధారపడకూడదు. సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేని థర్మల్ కటాఫ్ ఒకటి లైన్లో ఉండాలి.

విజయనగరం నుంచి: కీబోర్డు, ఫ్యాన్ల లైట్ల రంగులు మార్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేస్తుంటే మెమరీ ఇంటిగ్రిటీ (కెర్నల్‌లోకి నమ్మలేని కోడ్ రాకుండా విండోస్ పెట్టే కాపలా) ఆపమంటోంది. అదే కంప్యూటర్లో షాపు లెక్కలు, బ్యాంకు పనులు చేస్తాను. ఆపొచ్చా?

ఆపొద్దు. ఆ సాఫ్ట్‌వేర్‌నే తీసేయండి. విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీ, అందులో కోర్ ఐసోలేషన్ తెరిస్తే పొసగని డ్రైవర్ల పేర్లు కనిపిస్తాయి. అందులో ఉన్న ఓఈఎం నంబరు (ఆ డ్రైవర్ ఫైలుకి విండోస్ పెట్టిన పేరు) చూసుకుని, అడ్మిన్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో పీఎన్‌పీయుటిల్ డిలీట్ డ్రైవర్ ఆదేశంతో తొలగించండి.

లైట్ల రంగు మార్చడానికి కెర్నల్ డ్రైవర్ ఎందుకు? నాలుగైదు రిజిస్టర్లు తాకాలి కాబట్టి. ఆ నాలుగైదింటికే తలుపు పెట్టే ఓపిక లేక, ‘ఏ ఫిజికల్ అడ్రస్ ఇచ్చినా చదివిపెడతా, రాసిపెడతా’ అనే ఒకే ఒక్క ఆదేశం రాసి పారేస్తారు. దాని మీద సక్రమమైన సంతకం ఉంటుంది. సంతకం ఎవరు చేశారో చెబుతుంది, లోపల ఏం రాశారో చెప్పదు. మీ మెషీన్లోకి దొంగ ప్రోగ్రాం దూరితే దానికి కెర్నల్‌లో కొత్త కన్నం వెతుక్కునే పనే లేదు. మీ డ్రైవర్‌ని పిలిచి యాంటీవైరస్‌ని పడుకోబెట్టేస్తుంది. మీ దగ్గర ఆ డ్రైవర్ లేకపోయినా దాన్ని వెంట తెచ్చుకుని ఎక్కించే ర్యాన్సమ్‌వేర్ ముఠాలున్నాయి. విండోస్ 11లో 2022 అప్‌డేట్ నుంచి ఇలాంటి డ్రైవర్ల నిషేధ జాబితా దానంతటదే ఆన్ అయి ఉంటోంది. జాబితాకి ఎక్కని డ్రైవర్‌ని అది ఆపలేదు.

ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీలని అని ఏం లాభం, మన కాలేజీ ప్రాజెక్టుల్లోనూ ఇదే వరస. అడ్రస్, విలువ రెండూ యూజర్ నుంచి తీసుకునే ఐఓకంట్రోల్ (ప్రోగ్రాం నుంచి డ్రైవర్‌కి వెళ్లే ఆదేశం) ఒకటి, ‘పర్మిషన్ డినైడ్’ రాగానే డివైస్ ఫైలుకి 666 పర్మిషన్ (ఎవరైనా చదవొచ్చు, రాయొచ్చు) ఒకటి. లినక్స్‌లో డెవ్ మెమ్‌కి (ఫిజికల్ మెమరీని ఫైలులా చూపే దారి) స్ట్రిక్ట్ డెవ్‌మెమ్ అనే కాపలా ఉందనీ, డ్రైవర్ ఆధీనంలోని రిజిస్టర్ల కోసం ఐఓ స్ట్రిక్ట్ డెవ్‌మెమ్ ఉందనీ తెలుసుకుని, బూట్ లైన్లో ‘ఐఓమెమ్ రిలాక్స్‌డ్’ పెట్టి మరీ పక్కకి నెట్టేవాళ్లున్నారు. ఆ బోర్డు అలాగే రొయ్యల చెరువు గట్టు మీద నెట్‌కి తగిలించి ఏళ్ల తరబడి నడుస్తుంది.

‘మేం మ్యాప్ చేసింది డీఎంఏ కంట్రోలర్ రిజిస్టర్లు మాత్రమే, మొత్తం మెమరీ కాదు కదా’ అంటారు. డీఎంఏ రిజిస్టర్లో గమ్యం అడ్రస్ రాసేవాడు, మధ్యలో ఐఓఎంఎంయూ (పరికరాలు ఏ మెమరీని తాకొచ్చో కట్టడి చేసే హార్డ్‌వేర్) లేకపోతే, కెర్నల్ మెమరీలో ఎక్కడైనా రాసినట్టే. పైగా యూజర్‌కి మ్యాప్ అయ్యేది పేజీల లెక్కన. మీ బ్లాకు 64 బైట్లే అయినా కనీసం 4096 బైట్లు కనిపిస్తాయి, పక్క బ్లాకు రిజిస్టర్లతో సహా. అడిగిన సైజు సరిచూడకుండా రీమ్యాప్_పీఎఫ్‌ఎన్_రేంజ్ పిలిస్తే పరిధి దాటి ఎంతైనా మ్యాప్ చేసుకోవచ్చు. మ్యాప్ చేయక తప్పదనుకుంటే వీఎం_ఐఓమ్యాప్_మెమరీ వాడండి, పరిధి అదే చూసుకుంటుంది. చేయకుండా ఉండటమే నా సలహా. ‘ఫ్యాన్ వేగం పెట్టు’, ‘రంగు మార్చు’ అని ఒక్కో పనికి ఒక్కో ఆదేశం రాసి, విలువ హద్దుల్లో ఉందో లేదో డ్రైవర్ లోపలే చూడండి. డీబగ్ కోసం పెట్టిన రిజిస్టర్ రాత ఫైలు ఉంటే బయటికి ఇచ్చేముందు తీసేయండి.

ఎచ్చెర్ల నుంచి: స్పార్స్ (కెర్నల్ కోడ్‌లో తప్పులు వెతికే పరికరం) నడిపితే ‘అడ్రస్ స్పేస్‌లు వేరు’ అనే హెచ్చరికలు బోలెడు వస్తున్నాయి. డ్రైవర్ పనిచేస్తూనే ఉంది. వదిలేయొచ్చా?

వదలొద్దు. ఐఓమెమ్ గుర్తున్న (ఇది పరికరం అడ్రస్, మామూలు మెమరీ కాదు అని చెప్పే) పాయింటర్‌ని ఎక్కడో మామూలు పాయింటర్‌లా వాడారు, చాలావరకు మెమ్‌కాపీలో. దాని స్థానంలో మెమ్‌కాపీ_ఫ్రమ్‌ఐఓ పెట్టండి. కాస్ట్ చేసి (పాయింటర్ రకం బలవంతంగా మార్చి) హెచ్చరిక నోరు మూయించొద్దు. మేక్‌కి సీ=1 ఇస్తే కొత్తగా కంపైల్ అయ్యే ఫైళ్లే చూస్తుంది, సీ=2 ఇస్తే అన్నీ చూస్తుంది.