తిరుపతి నుంచి చంద్రగిరి, ఉదయగిరి, వెంకటగిరి, నేలపట్టు, పులికాట్: రెండు రోజుల్లో కారులో అన్నీ కవర్ చేయొచ్చా?

కారు తిరుగుతుంది, దానికేం ఢోకా లేదు. కానీ మీరు అడిగిన ఐదింటిలో ఉదయగిరిని పూర్తిగా కొట్టేయండి. వెంకటగిరి దారిలో ఆగే ఊరు అనుకోండి. మిగిలిన మూడూ తీరిగ్గా చూడండి. మాది నాయుడుపేట పక్కన పల్లె. కొండ మీద దర్శనం అయ్యాక చుట్టాలంతా మా ఇంట్లోనే దిగుతారు, దిగేటప్పుడు ఇదే లిస్టు పట్టుకుని దిగుతారు. అందుకే ఇంత ధైర్యంగా చెబుతున్నాను.

ఉదయగిరి ఎందుకు వద్దంటున్నానంటే, అది మ్యాపులో మోసం చేస్తుంది. నెల్లూరు నుంచే వంద కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ, తిరుపతి నుంచైతే పోవడం రావడంతోనే ఒక రోజు హరీ. పైగా అది కారు దిగి ఫొటో తీసుకునే కోట కాదు, కొండెక్కాలి. కృష్ణదేవరాయలంతటి వాడు ఒడిశా గజపతి రాజుల చేతిలోంచి ఆ కోట గుంజుకోవడానికి ఏడాదిన్నర పాటు ముట్టడి వేసి కూర్చున్నాడు, 1514లో గానీ దక్కలేదు. మీరు టిఫినుకీ భోజనానికీ మధ్య ముగించేస్తానంటే ఎట్లా? అక్కణ్ణుంచి ఆయన పట్టుకెళ్ళిన బాలకృష్ణుడి విగ్రహానికి హంపిలో గుడి కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ఉదయగిరికి వేరే ట్రిప్పు పెట్టుకోండి, చలికాలంలో, నడవగలిగిన వాళ్ళతో.

మొదటి రోజు పొద్దున్నే చంద్రగిరి కోట. తిరుపతికి పన్నెండు, పదమూడు కిలోమీటర్లే. శుక్రవారం మాత్రం వద్దు, కోటలోని రాజమహల్లో ఉన్న మ్యూజియానికి సెలవు. రాజమహల్లోకి వెళ్ళాక పిల్లల్ని శిల్పాల అద్దాల వెంట పరిగెత్తనివ్వకుండా ఒకచోట నిలబెట్టి పైకి చూడమనండి. మూడంతస్తుల మేడ, ఒక్క దూలం కనపడదు. రాయి, ఇటుక, సున్నం, కమానులు, అంతే. చెక్క వాడకుండా కట్టారు. ఇంజినీరింగు చదివే మా తమ్ముడి కొడుకు అక్కడే మెడ నొప్పి పుట్టేదాకా కప్పు చూస్తూ నిలబడ్డాడు. వాళ్ళ కాలేజీలో చెప్పింది దానికంటే తక్కువేనని నా గట్టి నమ్మకం. ఇక రాణిమహల్ సంగతి. పేరు విని ఏదో ఊహించుకుని వెళతారు. అది అంతఃపురం కాదు, గుర్రపుశాలో సేనాని నివాసమో అయి ఉంటుందని చరిత్రకారులే అంటారు. కింది అంతస్తు చూస్తే మీకూ అదే అనిపిస్తుంది. అక్కడ గోడల మీద బాణం గుర్తుతో పేర్లు గీకిన ప్రేమికులంతా ఆ మాట తెలుసుకుని ఉంటే బాగుండేది. చిన్న గోరు గీత కూడా ఆ పాత సున్నపు పూతకు గాయమేనని వాళ్ళకు ఎవరు చెబుతారు?

పదకొండున్నరకల్లా అక్కడి నుంచి బయల్దేరి, శ్రీకాళహస్తి దాటాక ఎక్కడో భోజనం చేసి, మూడింటికి నేలపట్టు పక్షుల కేంద్రంలో ఉండండి. పక్షుల్ని తెల్లవారుజామునే చూడాలని అందరూ చెబుతారు. అడవిలో అయితే సరే. నేలపట్టులో గూళ్ళ మీద పిల్లలున్న కాలంలో మధ్యాహ్నం మూడు నుంచి గేటు మూసేదాకా ఉన్నంత సందడి పొద్దున ఉండదు. దీని మీద నాతో వాదించినవాళ్ళెవరూ పొద్దునా సాయంత్రం రెండూ చూసినవాళ్ళు కారు.

ఇక్కడ మా బావగారి సంగతి చెప్పాలి. మా అక్క భర్త, హైదరాబాదులో ఉంటారు. ఫిబ్రవరి మొదట్లో వచ్చారు, ఫోనులో గంటగంటకూ ప్లాను. నేలపట్టుకు ఇరవై నిమిషాలు రాసుకున్నారు. నాయుడుపేట, సూళ్ళూరుపేట మధ్య దొరవారిసత్రం దగ్గర హైవే దిగితే అయిపోయె, చెరువు అక్కడే. దిగగానే "ఏం కంపురా ఇది" అన్నారు. నిజమే, రెట్టల వాసన గట్టిగానే ఉంటుంది. నీళ్ళలో నిలబడిన కడప చెట్లన్నీ పైనుంచి కిందికి సున్నం పోసినట్టు తెల్లగా ఉన్నాయి. ప్రతి కొమ్మ మీదా గూడు, ప్రతి గూట్లోనూ గూడబాతులు, అంటే పెలికాన్లు. పెలికాన్ అంటే మా అక్క కూతురికి కార్టూనుల్లో సంచి ముక్కు పక్షి, అంతవరకే తెలుసు.

వాచర్ ఒకాయన, పెద్దాయన, తన బైనాక్యులర్ పాప చేతికిచ్చి ఒక గూడు చూపించాడు. తల్లి అప్పుడే వచ్చి వాలింది. పిల్ల దాదాపు తల్లి అంత ఉంది, ఒళ్ళంతా తెల్లటి నూగు. తల్లి నోరు తెరవగానే పిల్ల తలా మెడా మొత్తం లోపలికి దూర్చేసింది. బయటికి రెక్కలు కొట్టుకోవడం ఒక్కటే కనిపిస్తోంది. తల్లి గొంతు కింద సంచి అటూ ఇటూ ఉబ్బుతోంది. ఎంతసేపు ఉందో ఏమో, బయటికి వచ్చింది, వచ్చిందే గూట్లో వెల్లకిలా పడి గిలగిలా కొట్టుకుంది. రెక్క తానే కొరుక్కుంది. మెడ వాల్చేసి కదలకుండా పడిపోయింది. పాప ఏడుపు మొదలెట్టింది, పిల్ల చచ్చిపోయిందని. మా అక్క కూడా కంగారు పడింది.

"చావలేదమ్మా, వేషాలేస్తా ఉండాది. చూడు, ఇప్పుడు లేస్తాది" అన్నాడు పెద్దాయన, బీడీ జేబులోంచి తీయబోయి మళ్ళీ పెట్టేసుకుంటూ.

లేచింది. ఏమీ జరగనట్టు తల్లి ముక్కును పొడవడం మొదలెట్టింది, ఇంకా పెట్టమని. పెలికాన్ పిల్లలకు అది అలవాటే, మేతకు ముందో తర్వాతో మూర్ఛ వచ్చినట్టు పడిపోతాయి. ఆ తర్వాత పాప బైనాక్యులర్ వదిలితే ఒట్టు. బావగారు ఫోను జేబులో పెట్టి ఇంకో గూడు వెతుక్కున్నారు, పాప చేతిలోంచి బైనాక్యులర్ లాక్కోవడానికి కూడా సిద్ధపడ్డారు. గేటు మూసేవాళ్ళు వచ్చి చెబితే గానీ కదల్లేదు.

ఆ పెద్దాయన చెప్పిన ఇంకో మాట. 1976లో పక్షుల కేంద్రంగా ప్రకటించక ముందు నుంచీ ఊళ్ళో వాళ్ళు వీటి జోలికి పోరట. పక్షులొస్తే ఆ ఏడు పంటలు బాగుంటాయని నమ్మకం. నమ్మకం పక్కన పెట్టినా, రెట్టలు కలిసిన చెరువు నీళ్ళు పొలానికి వెళితే పైరు ఏపుగా రాదూ మరి? అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు పడి చెరువు నిండితేనే గూళ్ళు. చెట్ల మొదట్లో నీళ్ళుంటే నక్కా కుక్కా గూటి జోలికి రాలేవు. వానలు సరిగా లేని ఏడు అయితే బయల్దేరే ముందే ఎవరినైనా కనుక్కోండి.

జనం గురించి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. పక్షుల దగ్గరికి వచ్చి బ్లూటూత్ స్పీకరు పెట్టేవాళ్ళు, పక్షి ఎగిరితే వీడియో బాగుంటుందని చప్పట్లు కొట్టేవాళ్ళు. తల్లి లేచిందంటే గూడు కాకుల పాలు. టికెట్టు కొంటే పక్షి మనకు డాన్సు చేయాలనుకుంటారు. సూళ్ళూరుపేటలో 2001 నుంచి జనవరిలో ఫ్లెమింగో పండుగ జరుపుతున్నారు. ఊరికి మంచిదే, అంగళ్ళకు మంచిదే, స్టేజీ మీద పాటలూ బాగానే ఉంటాయి. పక్షుల కోసమైతే మాత్రం ఆ రోజుల్లో వెళ్ళకండి. మీకు ఫ్లెమింగోల కంటే బస్సులే ఎక్కువ కనపడతాయి.

రాత్రి సూళ్ళూరుపేటలో పడుకోండి. గదులు మామూలుగానే ఉంటాయి, తిరుపతి హోటళ్ళతో పోల్చి బాధపడొద్దు. పొద్దున్నే శ్రీహరికోట రోడ్డు. పులికాట్ సరస్సు మధ్యలోంచి పోయే ఆ రోడ్డులో చాలామంది ఊరు దాటగానే ఆగుతారు, ఎదురు ఎండలో కళ్ళు చికిలించుకుని "ఏమీ లేవే" అంటారు. రోడ్డు తూర్పుకు పోతుంది కదా, ఆగకుండా అటకానితిప్ప దాటి, రాకెట్ కేంద్రం గేటు రాకముందే తిప్పుకోండి. గేటు లోపలికి అనుమతి లేనిదే పంపరు. తిరిగి వచ్చేటప్పుడు ఎండ వీపు మీద ఉంటుంది, ఫ్లెమింగోల గులాబీ రంగు అప్పుడు తెలుస్తుంది. తల తలకిందులు చేసి ముక్కుతో బురదనీళ్ళు వడగట్టుకుంటూ ముందుకు పోతుంటాయి. దూరంగానే ఉంటాయి, బైనాక్యులర్ లేకుండా పోతే వృథా. ఒకటి కొనండి, లేదా అడిగి తెచ్చుకోండి. లక్ష పెట్టి ఫోను కొన్నవాళ్ళు కూడా దీనికి వెనకాడతారు, నాకు అర్థం కాదు.

వెంకటగిరి రాజావారి బంగళా వెలుగోటి వంశం వాళ్ళ సొంత ఆస్తి, టికెట్టు తీసుకుని తిరిగే చోటు కాదు. వీధిలోంచి చూసి రావడమే. మగ్గాలు నడిచే ఇళ్ళు మాత్రం చూడండి, జాందానీ చీర మీది పువ్వు ఒక్కో దారం చేత్తో దూర్చి నేస్తుంటే పిల్లలు కూడా నోరెత్తరు. కారులో అమ్మగానీ అత్తగారుగానీ ఉంటే దీన్ని రెండో రోజు ఆఖరున పెట్టుకోండి. ముందు పెట్టుకున్నారంటే పులికాట్ సంగతి మరిచిపోవచ్చు.